తూనీగ రాయి

నేను మనుషుల్ని నమ్మను. ముప్పై నాలుగేళ్ళు సర్వేయరుగా పొలాలు కొలిచినవాడెవడూ నమ్మడు. గట్టు జరపని రైతునీ, హద్దు రాయి కదపని అన్నదమ్ముల్నీ నేను చూడలేదు. అందుకే మా వీధి చివరి ఖాళీ స్థలంలోకి ప్రిస్కిల్లా అనే ఆ డ్రాయింగ్ టీచరు కూలికి అసిరయ్యను పెట్టుకుని, గునపంతో దిగిన రోజునే నాకు అనుమానం వచ్చింది.

రాజాంలో మా లేఅవుట్ వేసినప్పుడు పార్కు కోసం వదిలిన స్థలం అది. పార్కు రాలేదు. సర్కారు తుమ్మ వచ్చింది, వయ్యారిభామ వచ్చింది, వీధిలోని చెత్తంతా వచ్చింది. మా ప్రహరీని ఆనుకుని అది అలా అడివిలా ఉండడం నాకు బాగానే ఉండేది. ఎందుకో ముందే చెప్పేస్తాను. పన్నెండేళ్ళ కిందట ఇల్లు కట్టుకున్నప్పుడు ప్రహరీని నాలుగడుగులు పార్కులోకి జరిపాను. నెత్తిన ప్లస్ గుర్తు చెక్కిన హద్దు రాయిని, ఓ మిట్టమధ్యాహ్నం వీధంతా కునుకు తీస్తుండగా పీకేసి, ట్రాన్స్‌ఫార్మర్ స్తంభం పక్కన తుమ్మపొదల్లో పాతిపెట్టాను. ఊళ్ళో వాళ్ళ రాళ్ళన్నీ సరిచేసినవాణ్ణి, నా రాయి మాత్రం కదిపాను. ఎవరూ చూడలేదు.

అయినా ఆనాటి నుంచి నాకు స్థిమితం లేదు. ఎవరైనా మా గోడకు చేరబడి మాట్లాడుతుంటే కొలత చూస్తున్నారేమో అనిపించేది. నా భార్య కూర్మమ్మతో కబుర్లకొచ్చిన ఆడవాళ్ళను రెండుసార్లు కసిరాను. మూడోసారి ఎవరూ రాలేదు. మా ఇంట్లో టీ కప్పులు నాలుగే ఉండేవి. అవీ ఎక్కువే.

"ఏటమ్మా, ఎవరినడిగి తవ్విస్తన్నావు?" అని మొదటిరోజే నిలదీశాను.

"మున్సిపాలిటీలో అడిగేనండి బాబాయిగారూ," అంటూ ప్రిస్కిల్లా కాగితం చూపించింది. అటూ ఇటూ తిప్పి రెండుసార్లు చదివాను. సంతకం, ముద్ర అన్నీ సరిగ్గానే ఉన్నాయి. "ఇక్కడ మన నేల మొక్కలే పెడతాం. తంగేడు, తుమ్మి, జిల్లేడు, ఉత్తరేణి. సీతాకోకచిలకలు వస్తాయి. రాళ్ళకు రంగులేసి బాట పక్కన పేరుస్తాం. మీ గోడ మీద కూడా బొమ్మలేయమంటారా?"

"నా గోడ ముట్టుకోవద్దు."

జిల్లేడును పీకేవాళ్ళను చూశాను గాని పెంచేవాళ్ళను చూడలేదు. మామిడో కొబ్బరో వేస్తే నాకు అర్థమయ్యేది. ముందు చెట్లు వేస్తారు, తర్వాత కాయలు తింటారు, ఆ తర్వాత ఆ చెట్లకు పట్టా అడుగుతారు. తినే కాయ ఒక్కటి లేని తోట వేస్తున్నదంటే ఆ మనిషి మనసులో ఇంకేదో ఉండాలి. పైగా ఇంటికో రాయి ఇమ్మని వీధంతా తిరిగింది. ఇన్ని వస్తువులుండగా రాళ్ళే ఎందుకు కావలసి వచ్చాయి?

గేటు దగ్గర కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాను. తుమ్మపొదలు కొట్టుకుంటూ అసిరయ్య రోజుకు నాలుగు బారల చొప్పున స్తంభం వైపు వస్తున్నాడు. గునపం రాతికి తగిలి ఖంగుమన్నప్పుడల్లా కుర్చీలోంచి లేచి నిలబడేవాణ్ణి.

"ఒరే అసిరయ్యా, స్తంభం పక్కన గునపం వెయ్యకు. కింద కరెంటు కేబులున్నాది."

"ఎప్పుడేసేరు బాబూ కేబులు? నానెరగనే!"

"నాకు తెలుసు. సెప్పింది ఇను."

"అయితే అక్కడ తవ్వొద్దులే అసిరయ్యా. తుమ్మి విత్తనాలు సల్లుదాం," అంది ప్రిస్కిల్లా వెంటనే. మారు మాట లేకుండా ఒప్పుకోవడం చూసి నాకు అనుమానం రెట్టింపయింది.

కూర్మమ్మ రోజూ సాయంత్రం అక్కడికి పోయి మొక్కలకు నీళ్ళు పోయడం మొదలుపెట్టింది. వద్దన్నాను. వినలేదు. చేతులకు రంగులతో ఇంటికొచ్చి, వీధిలో ఎవరి కోడలు ఏ ఊరిదో, ఎవరికి షుగరుందో చెప్పేది. ఆవిడ అంత మాట్లాడగలదని నేను మర్చిపోయాను.

ఆ నెలలోనే శృంగవరపుకోటలో మా చెల్లెలి కూతురి పెళ్ళి వచ్చింది. మోకాళ్ళ నొప్పులని కూర్మమ్మ రానంది. ఒక్కణ్ణే వెళ్ళాను. రెండు రోజుల తర్వాత బస్సు దిగి, బ్యాగు పట్టుకునే పార్కు వైపు చూశాను. స్తంభం పక్కన మట్టి గుల్లగా ఉంది. బాట పక్కన రంగు రాళ్ళ వరసలో ఒక పొడుగాటి రాయి ఉంది. నెత్తిన ప్లస్ గుర్తు. దాని నిలువు గీతకు ఎర్ర రంగు వేసి ఒళ్ళు చేశారు, అడ్డ గీతకు నీలం పూసి రెక్కలు చేశారు. నా హద్దు రాయి తూనీగై కూర్చుంది.

"ఈ రాయి ఎక్కడిది?" అని అడిగాను.

"ఒకరిచ్చేరండి బాబాయిగారూ. బాగుంది కదా? గీత ముందే ఉన్నాది, రంగేసేనంతే," అని నవ్వింది ప్రిస్కిల్లా.

ఎవరిచ్చారో అడిగే ధైర్యం చాల్లేదు. ఇంటికొస్తే ఇంకో దెబ్బ. ప్రహరీని ఆనుకుని కూర్మమ్మ పెంచుకునే కనకాంబరాల మడిలో నడుమ మొక్కలు లేవు. అక్కడ ఓ తట్ట బోర్లించి ఉంది.

"మొక్కలేమయ్యాయి?"

"పందికొక్కులు తవ్వేసేయి బావా. తట్ట తియ్యకు, కాలు దిగబడతాది."

పందికొక్కులు కాదు, ఆ టీచరమ్మే పార్కు కోసం పీక్కుపోయిందని తేల్చుకున్నాను. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. అసిరయ్య నన్ను చూసి నవ్వినా భయమే, నవ్వకపోయినా భయమే.

శనివారం పొద్దున్న వీధంతా పార్కులో చేరింది. తంగేడు ఒకటి అప్పుడే పూసింది. రాళ్ళన్నీ సర్దాక ప్రిస్కిల్లా నా దగ్గరకొచ్చింది. ముక్కు మీద ఎర్ర రంగు అంటుకుని ఉంది.

"ఈ తూనీగ రాయి పెద్దది బాబాయిగారూ. బాట పక్కన నప్పలేదు. మీరు సర్వేయరు కదా, ఎక్కడ పాతాలో మీరే సూపండి."

ఆవిడ మొహంలోకి చూశాను. అబద్ధమాడే మొహాలు నాకు బాగా తెలుసు. అందులో ఏమీ దొరకలేదు. దొరక్కపోయేసరికే నాకు మరీ భయమేసింది. దూరంగా ఉన్న మూల ఒకటి చూపిద్దామని చెయ్యెత్తాను.

"బావా!" అని మా ప్రహరీ లోపలి నుంచి కేక వినిపించింది. కూర్మమ్మ గోడ మీదుగా నా పాత టేపు పెట్టె అందిస్తోంది. "ఊరికే సూపుతావేటి? కొలిసి సెప్పు."

వీధంతా నా వైపే చూస్తోంది. పెట్టె అందుకున్నాను. రోడ్డు వైపు హద్దు రాయి దగ్గర అసిరయ్య టేపు కొస పట్టుకున్నాడు. పార్కు వెడల్పు అరవై రెండడుగులు, నిద్రలో లేపి అడిగినా చెబుతాను. నడుచుకుంటూ వచ్చి మా గోడకు తగిలాను. యాభై ఎనిమిది. అక్కడ ఆగిపోయాను. ఆగి, మొదటిసారి నా పనికి నేను సిగ్గుపడ్డాను.

"ఇటు ఇయ్యి," అని కూర్మమ్మ గోడ మీదుగా చెయ్యి చాచి, టేపు లాక్కుని నాలుగడుగులు లోపలికి నడిచింది. తట్ట తీసింది. దాని కింద మోకాటి లోతు గొయ్యి, అంచులు చక్కగా చెక్కి, సిద్ధంగా ఉంది.

"నువ్వు రాయి పాతిన రోజు వంటింటి కిటికీలోంచి సూసేను," అంది నాకు మాత్రమే వినబడేలా. "పెళ్ళికెళ్ళినప్పుడు రెండు సోట్లా నానే తవ్వేను. అసిరయ్య దొర్లించేడు. ఆ పిల్లకి రాయి ఇచ్చేను, కత సెప్పలేదు."

"మోకాళ్ళ నొప్పులన్నావు?"

"నొప్పులే. ఈ నాలుగడుగుల కోసం పన్నెండేళ్ళు ఎవర్నీ గుమ్మం తొక్కనివ్వలేదు బావా. నాను ఎవరితోటి మాటాడాలి? గోడతోనా?"

వెనక్కి తిరిగి, "గోడ అడ్డమున్నాది, తీసెయ్యాలి. అది నాదే తప్పు," అని అందరూ వినేలా అనేశాను. అసిరయ్య టేపు వదిలేసి గునపం కోసం వెళ్ళాడు.

గోడలో మనిషి పట్టేంత సందు పడగానే కూర్మమ్మ ఆ సందులోంచి తల బయటపెట్టి, "ఇటే రండి, టీ పెడతాను," అని వీధిని పిలిచింది. మేం తూనీగ రాయిని గోతిలో నిలబెట్టి మట్టి కూరుతుంటే మమ్మల్ని దాటుకుంటూ ఒక్కొక్కరే లోపలికి వెళ్ళారు. ఆ రోజు మాకు కప్పులు చాలలేదు. పక్కింటి నుంచి తెచ్చుకున్నాం.