పెద్దమేస్త్రి చెవి

ఆ పళ్ళడాక్టరుకి ఊరందరి పళ్ళూ ఉన్నవి ఉన్నట్టు కాపాడటం తెలుసు గానీ, తన కారును కంపెనీ ఇచ్చింది ఇచ్చినట్టు ఉంచుకోవడం మాత్రం చేతకాదు. స్పోర్ట్స్ కారు కొన్న ఏడాదికే సైలెన్సరు మార్చాడు, తర్వాత చక్రాలు మార్చాడు, ఇప్పుడు టర్బో కావాలన్నాడు. టర్బో కిట్టు మొత్తం తనే తెప్పించి, ఆ పెట్టెలన్నీ పెద్దమేస్త్రి షెడ్డు ముందు దింపించి, ఇక మీదే భారం అన్నాడు. వచ్చే ఆదివారం రేసుట్రాకు మీద క్లబ్బు వాళ్ళందరూ బళ్ళు తిప్పుతారు. పక్క సీట్లో కూర్చోబెట్టుకుని తిప్పుతానని కూతురికి మాట కూడా ఇచ్చేశాడు. కొత్త బొమ్మ దొరికిన మనిషికి తొందర ఎక్కువ, ఏం చేస్తాం.

షెడ్డు పెద్దమేస్త్రిది. విప్పడం, బిగించడం కొడుకు చూస్తాడు. కోడలిది కంప్యూటరు పని. ఇంజనులోకి ఎప్పుడు ఎంత పెట్రోలు పోవాలి, నిప్పురవ్వ ఏ క్షణాన పడాలి అన్నది ఆమె ల్యాప్‌టాప్‌లో కూర్చి బండికి ఎక్కిస్తుంది. ఎవరు ఏం చేసినా ఆఖరి మాట మాత్రం పెద్దమేస్త్రి చెవిది. బండి గేటు మలుపు తిరుగుతుండగానే ఏ వాల్వు వదులైందో చెప్పేస్తాడని పేరు. ఆ కథల్లో సగం ఆయన చెప్పుకున్నవే అయినా మిగతా సగం నిజమే. ఆ చెవిని నమ్ముకునే దూరాల నుంచి బళ్ళు వస్తాయి, ఆ చెవి మీదే ఇల్లు గడుస్తుంది.

టర్బో అంటే పెద్ద మాయ ఏమీ కాదు. బయటికి పోయే పొగ తోసే తోపుతో తిరిగే చిన్న చక్రం, ఇంజనులోకి గాలిని కూరికూరి పంపుతుంది. గాలి పెరిగితే పెట్రోలు పెంచొచ్చు, పెట్రోలు పెరిగితే బలం పెరుగుతుంది. అయితే మోతాదు మించితే ఆ పెట్రోలు తన వంతు రాకముందే అంటుకుని, పైకి వస్తున్న పిస్టన్‌ను నెత్తిమీద మొత్తుతుంది. దాన్నే నాకింగ్ అంటారు. ఒకటి రెండు దెబ్బలు ఇంజను ఓర్చుకుంటుంది. ఆ మీద పిస్టను పగులుతుంది, నూనె బయటికి చిమ్ముతుంది, ట్రాకు మీద మంచి వేగంలో ఉండగా అదే నూనె వెనక చక్రం కిందికి వస్తుంది. ఆ తర్వాత ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఆ నాకింగ్‌ను పట్టుకోవడానికి కంపెనీ వాళ్ళు ఒక సెన్సరు పెడతారు. కానీ ఈ బండికి వేసిన కొత్త పిస్టన్లు మామూలుగానే గలగలలాడే రకం, ఆ గలగలకే సెన్సరు బెదిరిపోతోంది. అందుకని ఇంజనుకి చిన్న మైకు బిగించి, దాని వైరు ఒక పెట్టెలోకి తెచ్చి, ఆ పెట్టెకు రెండు హెడ్‌ఫోన్లు తగిలించారు. ఒకటి కోడలికి, ఒకటి పెద్దమేస్త్రికి. చక్రాలు తిరిగినా బండి ఉన్నచోటే ఉండేలా దాన్ని రోలర్ల మీదికెక్కించి, నాలుగు వైపులా పట్టాలతో కట్టేశారు. ముందు పెద్ద ఫ్యాను. కొడుకు స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. పళ్ళడాక్టరు గోడ వారగా నిలబడి, తన కుర్చీలో కూర్చునే రోగుల్లాగే గుటకలు మింగుతున్నాడు.

మొదటి పరుగు తక్కువ గాలితో పెట్టారు. ఇంజను నిండు గొంతుతో పైదాకా పోయి దిగింది. కోడలి చెవికి ఒక్క తేడా చప్పుడూ తగల్లేదు. పెద్దమేస్త్రి కళ్ళు మూసుకుని విని, శుభ్రంగా ఉంది అన్నాడు.

రెండో పరుగుకు గాలి పెంచారు. షెడ్డు రేకులు అదిరాయి. అంతా బాగానే ఉందనుకుంటుండగా, చిట్టచివర, మోత అంచు మీద, కోడలికి ఏదో టిక్కుమంది. మళ్ళీ టిక్కుమంది. ఆమె తలెత్తి మామగారి వైపు చూసింది. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. నిమ్మకు నీరెత్తినట్టు తలాడించి, శుభ్రంగా ఉంది అన్నాడు.

కోడలు తన చెవినే అనుమానించింది. ఆమె ఈ పనిలోకి వచ్చింది పెళ్ళయ్యాకే. ఆయన ఆమె పుట్టకముందు నుంచి ఇంజన్ల మధ్య బతికినవాడు. మెల్లగా అడిగింది, చివర్లో ఏదో తగిలినట్టు లేదా అని. పట్టా వదులైతే అలాగే అంటుందన్నాడాయన. కొడుకు దిగి పట్టాలు బిగించాడు. ఆమె తన హెడ్‌ఫోను తీసేసి కొత్తది తగిలించుకుంది. మళ్ళీ అంతే గాలితో పరుగు పెట్టించారు.

ఈసారి ఇంకాస్త ముందే మొదలైంది. సన్నగా, గట్టిగా, ఇంజను మోతకు చెందని చప్పుడు. పట్టా కాదు, హెడ్‌ఫోను కాదు. అదే.

"శుభ్రంగా ఉంది," అన్నాడు పెద్దమేస్త్రి. "గాలి పెంచు."

ఒకే మైకు, ఒకే పెట్టె, రెండు వైర్లు. ఆమెకు వినపడింది ఆయనకు వినపడకుండా ఎలా పోతుంది? అప్పుడు కోడలికి ఇల్లు గుర్తుకొచ్చింది. పక్క వీధికి వినపడేంత టీవీ. వంటింట్లో కుక్కరు ఈల మీద ఈల వేస్తుంటే దాని పక్కనే కూర్చుని పేపరు చదువుకునే మనిషి. తాతా తాతా అని మనవరాలు సన్నటి గొంతుతో పిలిచి పిలిచి, విసుగొచ్చి మోకాలు మీద కొట్టడం. "పని చెబితే వినపడదు, టిఫిను అంటే పక్కింట్లోంచైనా వినపడుతుంది మీ మామగారికి," అని అత్తగారు అనడం, అందరూ నవ్వడం. తనూ నవ్వింది.

పెంచేముందు ఇదే గాలితో ఇంకొక్కసారి చూద్దాం మావయ్యగారూ అంది. ఆయన విసుక్కున్నాడు గానీ సరేనన్నాడు. ఇంజను రేగింది. పెట్టె ఆమె పక్కనే ఉంది. తండ్రి లాంటి మనిషికి పరీక్ష పెట్టడమా అని మనసు ఒక పక్క పీకుతూనే ఉంది. అయినా ఆమె బొటనవేలు ఆయన హెడ్‌ఫోను పిన్నును సాకెట్లోంచి బయటికి తోసేసింది.

షెడ్డంతా మోత. ఆ మోత హెడ్‌ఫోనులోంచి వస్తోందో, బయటి నుంచి వస్తోందో తేడా తెలియాలంటే చెవి బాగుండాలి. ఆమె చెవిలో టిక్కు టిక్కుమని పడుతూనే ఉంది. ఆయన చెవుల మీద ఉన్నవి ఉత్త డొప్పలు. పెద్దమేస్త్రి కళ్ళు మూసుకున్నాడు, తల కాస్త పక్కకు వాల్చాడు, ఎంతో శ్రద్ధగా విన్నాడు. పరుగు అయ్యాక తలాడించాడు.

"శుభ్రంగా ఉంది."

కోడలికి ఏడుపొచ్చింది. ఇంజనుకి కాదు, ఆయన తల వాల్చిన తీరుకి.

గాలి పెంచనంది. ఎందుకని అడిగాడు మామగారు. నాకింగ్ వస్తోందంది. ఆయన ముఖం ఎర్రబడింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి, అందులోనూ బయటివాళ్ళ ముందు. తాను శుభ్రంగా ఉందన్నాక లేదనడానికి ఈ షెడ్డులో ఇంకెవరైనా మేస్త్రి వెలిశాడా అని అడిగాడు. డాక్టరు కూడా గొంతు సవరించుకుని, మేస్త్రిగారే బాగుందన్నాక మనకెందుకమ్మా అన్నాడు. కారులో కూర్చున్న భర్త అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు. ఆమె అతని వైపు చూసి, వద్దని తలూపింది. అతను చూశాడు, చూడనట్టు ముఖం తిప్పుకున్నాడు.

ఒక్క మాట చాలు. మీరు విన్నది ఏమీ లేదు మావయ్యగారూ, వైరు నేనే తీశాను అంటే, అక్కడితో అయిపోతుంది. ఇంజనూ బతుకుతుంది, ఆదివారం ఆ తండ్రీ కూతుళ్ళూ బతుకుతారు. కానీ ఆ మాటతో ఇంకోటి పోతుంది. ఆయన పేరు ఈ డాక్టరు నోట సాయంత్రానికల్లా ఊరు దాటుతుంది. నాలుక చివరిదాకా వచ్చిన మాటను ఆమె మింగేసింది. మింగేసినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

గాలి పెంచడానికి ఆమే అక్కర్లేదు. కారు లోపల, స్టీరింగు పక్కన, ఒక మీట ఉంది.

"నువ్వే తిప్పరా," అన్నాడు పెద్దమేస్త్రి కొడుకుతో.

కొడుకు తిప్పాడు. చిన్నప్పటి నుంచి నాన్న తిప్పమన్నదల్లా తిప్పినవాడు, ఇవాళ కొత్తగా ఏం ఆపుతాడు. బండి గేరులో పడింది, రోలర్లు కదిలాయి. కోడలు లేచింది. ఏం చేయబోతోందో తనకే తెలియదు. బండి ముందు నుంచి చుట్టి, మామగారి దగ్గరికి వెళ్ళి, ఆయన చేతిని తెరిచి, అరచేతిలో ఆ ఊడిన పిన్ను పెట్టింది.

ఆయన దాన్ని చూశాడు. దాని వైరు వెంట చూపును పైకి తెచ్చుకున్నాడు, నేల మీద నుంచి తన భుజం మీదికి, భుజం మీద నుంచి తన చెవికి. పెట్టెకున్న ఖాళీ రంధ్రం చూశాడు. కోడలి ముఖం చూశాడు. అంత పెద్ద మనిషి ముఖం ఒక్క క్షణంలో ముసలిదైపోయింది.

మోత పైకి లేస్తోంది. కొడుకు యాక్సిలరేటరును నేలకు ఆనేదాకా తొక్కుతున్నాడు. ఇంకా పై అంచుకు రాలేదు.

పెద్దమేస్త్రి రెండు చేతులూ ఎత్తి బండికి అడ్డంగా పరిగెత్తాడు. ఫ్యాను ముందు నిలబడి, బానెట్ మీద అరచేత్తో దబదబా బాదాడు. కొడుకు ఉలిక్కిపడి కాలు తీశాడు. మోత దిగిపోయింది. రోలర్లు తిరిగి తిరిగి ఆగాయి. ఆ తర్వాత షెడ్డులో వచ్చిన నిశ్శబ్దంలో డాక్టరు బూటు కిర్రుమనడం కూడా వినపడింది. వినపడేవాళ్ళకి.

ఆయన తలుచుకుంటే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాడే. పైపు వదులైందనొచ్చు, పెట్రోలు బాగాలేదనొచ్చు. కోడలు అదే కోరుకుంది, అందుకే నోరు మూసుకుంది. ఆయన హెడ్‌ఫోను చెవుల మీంచి తీసి బానెట్ మీద పెట్టాడు.

"అమ్మాయి చెప్పిందే నిజం డాక్టరుగారూ. లోపల నాకింగ్ వస్తోంది. నాకు వినపడలేదు. నాకు చెవులు పోయాయి."

డాక్టరుకు కాసేపు ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక కోపం వచ్చింది, రావలసిందే.

"మరి పోయిన ఏడాది నా ఇంజను ఏ చెవితో చూశారు?"

"చేత్తో," అన్నాడు పెద్దమేస్త్రి. "బానెట్ అంచు మీద చెయ్యి పెట్టి. మామూలు ఇంజనుకి అది సరిపోయింది. దీనికీ సరిపోతుందనుకున్నాను."

"అంటే ఆదివారం నా కూతుర్ని..." అని ఆగిపోయాడు డాక్టరు. వెళ్ళి కారు పక్కన నిలబడి, ఎడమవైపు సీటును అద్దంలోంచి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత కోడలి దగ్గరికి వచ్చి, ఎంత బలం తగ్గినా ఫర్వాలేదు, మీకు శుభ్రంగా వినపడే దాకా తగ్గించండి, ఆదివారం లేకపోతే పోయిందన్నాడు. పెద్దమేస్త్రితో ఒక్క మాట కూడా మాట్లాడకుండా బయటికి నడిచాడు.

కొడుకు కారు దిగి వచ్చాడు. భార్య ముఖంలోకి చూసే ధైర్యం లేక, తండ్రి ముందు నిలబడ్డాడు.

"ఎప్పట్నించి నాన్నా?"

"మీరందరూ నవ్వడం మొదలుపెట్టినప్పట్నించి."

కొడుకు చేతిలో గుడ్డను ఊరికే మడుస్తూ, విప్పుతూ, కాసేపటికి పట్టాలు విప్పే నెపంతో కారు వెనక్కి పోయాడు.

పెద్దమేస్త్రి పాత టైర్ల దొంతర మీద కూలబడ్డాడు. కోడలు ఎదురుగా చిన్న స్టూలు లాక్కుని కూర్చుంది. వైరు తీసి పరీక్ష పెట్టాను, తప్పే మావయ్యగారూ అంది. ఆయన పోనిమ్మన్నట్టు చెయ్యి విదిలించాడు. కాస్త గట్టిగా మాట్లాడమన్నాడు. ఇన్నాళ్ళలో ఆ మాట ఆయన నోటి నుంచి రావడం అదే మొదలు.

"ఎలా ఉందమ్మాయ్ ఆ చప్పుడు?"

డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టుందని చెప్పింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"అది నేను అందరికీ చెప్పే మాట. నువ్వు విన్నది చెప్పు."

ఆమె ఆలోచించింది. దానికి మాట దొరకలేదు. చివరికి ఆయన చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని, మణికట్టు ఎముక మీద గోటితో కొట్టి చూపించింది. ఒకటి. కాస్త ఎడం. ఇంకొకటి. మళ్ళీ అంతే ఎడం. తర్వాత మోత పెరిగినకొద్దీ ఎలా దగ్గరపడ్డాయో అలా, గబగబా, కానీ ఎడం చెడకుండా. ఆయన కళ్ళు మూసుకున్నాడు. తల కొంచెం పక్కకు వాల్చాడు.

"అన్నీ కొట్టడం లేదు," అన్నాడు. "ఎడం చెడలేదంటే ఒక్క సిలిండరే. మూడోదై ఉంటుంది, వేడంతా దాని దగ్గరే చేరుతుంది. ప్లగ్గు తీసి చూడు."

ఆమె లేచి వెళ్ళి మూడో ప్లగ్గు విప్పింది. తెల్లటి పింగాణీ మీద సన్నటి నల్ల చుక్కలు, కరిగిన లోహం చిమ్మినవి, కంటికి స్పష్టంగా ఉన్నాయి. పక్కదాన్ని తీసి చూసింది. శుభ్రంగా ఉంది. మూడోదాన్ని తెచ్చి ఆయనకు ఇచ్చింది. ఆయన దాన్ని వెలుతురుకి పెట్టి చూసి, జేబులో వేసుకున్నాడు. ఆ సిలిండరుకు నిప్పురవ్వ ఎంత ఆలస్యం చేయాలో ఆమె లెక్క చెబుతుంటే, పెదవుల వైపే చూస్తూ తలాడించాడు. సరే అన్నాడు, అలాగే చెయ్యి అన్నాడు.

ఆమె ల్యాప్‌టాప్ దగ్గరికి పోబోయింది. ఆయన ముంజేతిని ఆమె ముందుకు చాపి ఉంచాడు.

"ఉండమ్మా. ఇంకొక్కసారి కొట్టు."