బావిలో దించిన ఫిల్టరు

నాలుగోసారి కూడా గుడ్లు తెల్లబడ్డాయి.

ఉవైస్ తొట్టి అద్దానికి ముఖం ఆనించి చాలాసేపు చూశాడు. నీళ్ళల్లో నిలబెట్టిన రాతిపలక మీద ఆడ ఏంజెల్ చేప వరసలుగా అంటించిన గుడ్లు మొన్న పొద్దున తేనెరంగులో ఉండేవి. ఇవాళ పిండి చల్లినట్టున్నాయి. మగచేప ఆశ వదులుకుని మూలకు పోయింది. ఆడది మాత్రం పక్క రెక్కలతో వాటికి గాలి విసురుతూనే ఉంది. అవి చచ్చాయని దానికి తెలియదో, తెలిసినా మానలేకపోతోందో. ఆ రెండోదే నిజమనుకున్నాడు ఉవైస్. అలా ఎందుకనుకున్నాడో తనను తాను అడగలేదు.

అది 2006 ఎండాకాలం చివర. గద్వాలలో పాత బస్టాండు దగ్గర అతనికి అద్దాలు కోసే దుకాణం ఉంది. కిటికీలకు అద్దాలు, పటాలకు అద్దాలు. చేపల తొట్టి అడిగేవాళ్ళు ఏడాదికి ఒకరో ఇద్దరో. అంతకుముందు పదేళ్ళు హైదరాబాదులో ఒక చేపల దుకాణంలో పనిచేశాడు. ఆ పదేళ్ళలో అతనికి గుర్తున్నది నగరం కాదు, ఒక గది. షట్టరు సగం దించిన మధ్యాహ్నాలు, నీలం దీపాలు, తడి వలల వాసన, తొట్ల మధ్య నడిచేటప్పుడు గొంతు తగ్గించే, తనకు పని నేర్పిన ఉస్తాద్. రోడ్డు వెడల్పులో దుకాణం పోయిన రోజున ఉస్తాద్ ఒక ప్లాస్టిక్ సంచిలో ఈ జంటను పెట్టి అతని చేతికిచ్చాడు. తన చేతిలో పుట్టిన ఏడో తరమని చెప్పాడు. మరుసటి ఏడాది ఉస్తాద్ పోయాడని కబురొచ్చింది.

ఇప్పుడు ఆడచేపకు అయిదేళ్ళు. గుడ్లు పెట్టేది ఈ ఏడాదే, తర్వాత పెట్టదు. ఒక్క కాన్పు నిలిస్తే చాలు, ఆ గది ఇంకా ఎక్కడో ఉన్నట్టే. నిలవకపోతే తనతోనే అయిపోతుంది.

తప్పు చేపలది కాదు, నీళ్ళది. గద్వాల బోరునీళ్ళు కెటిల్‌లో కాస్తే వారంలో సున్నపు పెచ్చు కడుతుంది. నీళ్ళల్లో కరిగిన ఉప్పులను అంకెల్లో చూపే చిన్న మీటరు అతని దగ్గరుంది. బోరునీళ్ళల్లో ముంచితే తొమ్మిది వందలు చూపిస్తుంది. వంద దాటితే ఈ గుడ్లను నమ్మలేమనేవాడు ఉస్తాద్. వాననీళ్ళు పట్టుకుందామంటే జూన్ సగమైనా చినుకు లేదు. అందుకే హైదరాబాదు నుంచి ఆర్.వో. ఫిల్టరు తెప్పించాడు. దాని లోపలి పొరగుండా నీళ్ళు దూరాలంటే వెనక నుంచి గట్టిగా తోసే బలం కావాలి. ఇంటి కుళాయికి ఆ బలం లేదు. రోజంతా ఆగితే ఒక చెంబెడు, ఆ చెంబులోనూ మూడు వందలు. బలం పెంచే చిన్న మోటారు తెప్పిస్తే ఓల్టేజి ఎగుడుదిగుళ్ళకు రెండో వారమే కాలిపోయింది.

అప్పుడతను బాగా ఆలోచించి ఫిల్టరును మిద్దె మీదికి ఎక్కించాడు. నీళ్ళు టాంకి నుంచి వంటింటి దాకా వచ్చేసరికి అలిసిపోతున్నాయి, టాంకి పక్కనే ఫిల్టరును పెడితే అలసట ఉండదు. అది అతని లెక్క. ఫిల్టరు నుంచి చుక్క కూడా రాలేదు.

రెండు రోజుల తర్వాత టాంకి వాల్వు మార్చడానికి వచ్చిన ఇస్రాయేలు దాన్ని చూశాడు. ఇస్రాయేలుకు అరవై దాటాయి. ఒకప్పుడు ఊళ్ళో సగం ఇళ్ళ బావుల్లో పూడిక తీసింది అతనే. బావులు ఎండాక పైపుల పని నేర్చుకున్నాడు. ఉవైస్‌ను నిక్కరు తొడుక్కోని వయసు నుంచి ఎరుగును.

"గిదేంది చిన్నసాబు, దీన్ని తెచ్చి గీడ కూసోబెట్టినవ్?"

ఉవైస్ తన లెక్క చెప్పాడు. ఇస్రాయేలు బీడీ పక్కన పెట్టి, నవ్వడం అయ్యేదాకా నవ్వాడు.

"టాంకి పక్కన కూసుంటే నీళ్ళకు బలం యాడికెల్లి వస్తది? కింద పడితేనే నీళ్ళకు బలం. ఎంత కిందికి దింపితే గంత."

వంటింటి నేల దాకా దింపాను, అంతకన్నా కిందికి ఎక్కడికి దింపను అన్నాడు ఉవైస్. ఇస్రాయేలు పిట్టగోడ మీదుగా వంగి పెరట్లోకి చూశాడు. అక్కడ ఒక మూల రేకు కప్పిన బావి ఉంది. నాలుగేళ్ళయింది ఎండిపోయి.

"ఇంట్ల గింత లోతు పెట్టుకొని, పైన ఎతుకుతవేంది మామా" అన్నాడు. మామ అని పిలవాల్సింది ఉవైస్. ఎగతాళి చేసేటప్పుడు ఇస్రాయేలు దాన్ని తిప్పి పిలిచేవాడు.

శుక్రవారం రేకు తీశారు. ఇస్రాయేలు మోకాళ్ళు పోయాయి కాబట్టి దిగాల్సింది ఉవైసే. కానీ దిగనివ్వడానికి ముందు ఇస్రాయేలు లాంతరు వెలిగించి తాడుతో అడుగు దాకా దించి, బీడీ అయ్యేంతసేపు అలాగే ఉంచాడు. దీపం ఆరితే లోపల గాలి చెడ్డదని, మనిషి దిగకూడదని. చిన్నప్పుడు ప్రతి ఎండాకాలం ఇదే చూశాడు ఉవైస్. అప్పుడు అమ్మ అతని చొక్కా కొస వెనక నుంచి పట్టుకునేది. ఇస్రాయేలు లోపల ఉన్నంతసేపు ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. కింది నుంచి అతని మాట వినపడాలి. ఆ నిశ్శబ్దంలో బావికి నోరు ఉన్నట్టు, అది ఇస్రాయేలు గొంతుతో గంపను పైకి లాగమంటున్నట్టు ఉండేది.

దీపం ఆరలేదు. గోడలోంచి పొడుచుకొచ్చిన మెట్టురాళ్ళ మీద కాళ్ళు పెట్టి, నడుముకు తాడుతో, నలభై అయిదేళ్ళ వయసులో ఉవైస్ తన ఇంటి బావిలోకి మొదటిసారి దిగాడు.

సగం దిగాక రాళ్ళ మీద తెల్లని గీతలు కనిపించాయి. చుట్టూ వలయాలుగా, ఒకదాని కింద ఒకటి. ఏ ఏడు నీళ్ళు ఎక్కడ ఆగాయో ఆ గుర్తులు. పైనుంచి ఇస్రాయేలు చెబుతున్నాడు.

"ఆ నల్లరాయి కనవడుతుందా? మీ అమ్మ ఉన్నప్పుడు గాడికి నీళ్ళుండె. జర కింద సన్నగీత, అది నువ్వు పట్నం పోయిన ఏడు."

ఉవైస్ ఆ గీత మీద వేలు పెట్టాడు. అది దాటాక గీతలు దగ్గర దగ్గరగా, తొందర తొందరగా దిగాయి. తాను లేని పదేళ్ళు అక్కడ ఉన్నాయి. ఆ ఏళ్ళలో తాను ఏ దుకాణంలో ఏ తొట్టి కడిగాడో అతనికి తెలుసు. అదే సమయానికి ఇక్కడ నీళ్ళు ఈ రాయి నుంచి ఆ రాయికి జారుతున్నాయని మాత్రం ఎవరూ ఉత్తరంలో రాయలేదు. రాసినా తాను చదివి మడిచి జేబులో పెట్టుకునేవాడేనేమో.

అన్నిటికన్నా కింది మెట్టురాయికి ఫిల్టరు కట్టాడు. టాంకి నుంచి సన్నపైపు బావి గోడ వెంట కిందికి వచ్చింది. మంచినీళ్ళు నీలం క్యానులోకి, మిగిలిన ఉప్పునీళ్ళు అడుగు మట్టిలోకి. పైన వాల్వు తిప్పగానే పైపు చివర చుక్క కాదు, దారంలాంటి ధార మొదలైంది. మీటరు ఎనభై అయిదు చూపించింది.

నాలుగు గంటల్లో క్యాను నిండింది. గిరకకు నూనె వేసి తాడు లాగింది ఫరా, అతని భార్య. పెళ్ళయిన కొత్తలో ఈ గిరక మీద ఆమె చేతులు బొబ్బలెక్కాయి. అది గుర్తొచ్చిందేమో, లాగుతూ తనలో తాను నవ్వుకుంది. ఆ చప్పుడు వినగానే పక్కింటి జములమ్మ బిందె చంకన పెట్టుకుని వచ్చేసింది. బావిల నీళ్ళు పడ్డాయా అని అడిగి, కాదన్నా వినకుండా దోసిలి పట్టి తాగి చూసింది.

"ఇవేం నీళ్ళు తమ్మీ, నోట్ల ఏం లేదు. మబ్బు తాగినట్టుంది."

ఆ తర్వాతి నెలంతా ఉవైస్ రోజుకు ఒకసారి బావిలోకి దిగేవాడు. క్యాను సర్దడానికి అయిదు నిమిషాలు చాలు. అతను అరగంట ఉండేవాడు. కింది నుంచి ఇల్లు వేరుగా వినిపించేది. ఫరా నడక, జములమ్మ రోలు, వీధిలో ఆటో. అన్నీ ఉన్నాయి, ఎవరూ అతన్ని పిలవరు. షట్టరు సగం దించిన మధ్యాహ్నాల్లో కూడా ఇలాగే ఉండేదని ఒకరోజు తోచింది. తనకు కావలసింది ఆ దుకాణమా, లేక ఎవరూ పిలవని ఒక చోటా అన్న ప్రశ్న కూడా తోచింది. వెంటనే పైకి ఎక్కేశాడు.

తొట్టిలో నీళ్ళు కొంచెం కొంచెంగా మారుతూ వచ్చాయి. ఆడచేప పొట్ట నిండింది.

ఆగస్టు మొదటి వారంలో బావి అడుగున కాళ్ళు తడిశాయి. ఫిల్టరు వదిలిన ఉప్పునీళ్ళేలే అనుకుని మీటరు ముంచాడు. అవైతే పన్నెండు వందలు చూపాలి. నాలుగు వందలు చూపింది. కొత్త నీళ్ళు. ఊళ్ళో చినుకు లేకపోయినా పైన కర్ణాటకలో వానలు పడి కృష్ణ నిండిందని, ధరూర్ వైపు కాలువలకు నీళ్ళు వదిలారని దుకాణంలో విన్నాడు. ఆ నీళ్ళు నేల కింద నడిచి ఇక్కడిదాకా వచ్చాయి. నాలుగేళ్ళ తర్వాత బావిలో ఊట.

అతను తలెత్తి ఫిల్టరు వైపు చూశాడు. నీళ్ళు పైకి వచ్చినకొద్దీ ఫిల్టరును పైకి జరపాలి. జరిపినకొద్దీ బలం తగ్గుతుంది.

ఎవరికీ చెప్పలేదు. చెబితే ఫరా ఫిల్టరు తీసేయమంటుంది, ఇస్రాయేలు పూడిక తీయాలంటాడు, వీధంతా బావి చుట్టూ చేరుతుంది. ఒక మెట్టురాయి పైకి జరిపాడు. తొంభై రెండు. ఇంకో రాయి. తొంభై ఎనిమిది. బిందెల వరసలో జనం కొట్లాడుకునే ఊళ్ళో, నీళ్ళు ఇప్పుడే రావద్దని కోరుకుంటున్న మనిషి తానొక్కడే. అది తలుచుకున్నప్పుడల్లా సిగ్గేసేది. అయినా కోరుకోవడం మానలేదు.

గురువారం ఆడచేప గుడ్లు పెట్టింది. పలకను జాగ్రత్తగా గాజు జాడీలోకి మార్చాడు. పిల్లలు పైకి తేలేదాకా రోజూ కొత్త నీళ్ళు కావాలి. శుక్రవారం మీటరు నూట నాలుగు చూపించింది.

అతను పైకి ఎక్కి వచ్చేసరికి ఫరా గట్టు దగ్గర నిలబడి ఉంది. మోకాళ్ళ దాకా తడిసిన లుంగీని చూసింది. ఒక గులకరాయి తీసి బావిలోకి వదిలింది. చప్పుడు విన్నది.

"ఎన్ని రోజులైంది?"

"ఆరు" అన్నాడు ఉవైస్. తర్వాత దాచాలనిపించలేదు. నీళ్ళు రావద్దనుకున్న సంగతి కూడా చెప్పేశాడు. తప్పు ఒప్పుకునే పిల్లవాడిలా నేల చూస్తూ నిలబడ్డాడు. ఆమె కోప్పడుతుందని ఎదురుచూశాడు. కోప్పడితే బాగుండునని కూడా అనిపించింది.

ఫరా తల పట్టుకుంది.

"మీరు చెప్పుంటే తోడేటోళ్ళం కదా. తోడితే దిగవా నీళ్ళు?"

ఉవైస్ రెండు నెలలుగా నీళ్ళ బలం, నీళ్ళ ఎత్తు, నీళ్ళ ఉప్పు తప్ప వేరే ఆలోచన లేనివాడు. తోడితే బావి దిగుతుందన్న సంగతి ఒక్కసారి కూడా తోచలేదు. తోడాలంటే మనుషులు కావాలి. అతని లెక్కలో మనుషులు లేరు.

జములమ్మ పోయి వీధిలో చెప్పింది. గంటలో ఎనిమిది ఇళ్ళ ఆడవాళ్ళు బిందెలతో, బకెట్లతో వచ్చారు. మొదట వచ్చిన బురదనీళ్ళు బర్రెలకు, వాకిళ్ళకు. తర్వాత తేటనీళ్ళు బట్టలకు, నీళ్ళు నిలవ చేసే గోలాలకు. ఆ రోజూ మరుసటి రోజూ గిరక ఆగలేదు. ఒకామె ఫిల్టరుకు తగలకుండా బకెట్టు దించే ఉపాయం కనిపెట్టి అందరికీ నేర్పింది. ఇస్రాయేలు గట్టు మీద కూర్చుని అందరినీ తిట్టాడు, నల్లరాయి కథ అందరికీ చెప్పాడు.

"చేప కాన్పుకు మేం నీళ్ళు మోస్తున్నం తమ్మీ. బారసాలకు పిలవకుంటే ఊకోం" అంది జములమ్మ.

శనివారం సాయంత్రానికి నీళ్ళు చీలమండకు దిగాయి. ఫిల్టరు మళ్ళీ కింది రాయికి చేరింది. ఎనభై ఆరు. పిల్లలు తేలేదాకా సరిపడా రెండు క్యాన్లు నింపి మూత పెట్టాడు.

ఆదివారం పొద్దున జాడీ ముందు కూర్చున్నాడు. మూడోవంతు గుడ్లు తెల్లబడ్డాయి. మిగతావి తెల్లబడలేదు. ఒక్కోదాంట్లో ఆవగింజలో సగమంత నల్లచుక్క. చూస్తుండగా ఒకటి అదిరింది. దాని పక్కది అదిరింది. పలకంతా సన్నటి తోకలు కొట్టుకుంటున్నాయి.

ఆ సంతోషాన్ని కాసేపు తన దగ్గరే ఉంచుకోవాలనిపించింది, పాత అలవాటు. తర్వాత లేచి పెరట్లోకి పోయి చెప్పాడు.

ఆడవాళ్ళు తడి చేతులతోనే లోపలికి వచ్చి ఒకరి భుజం మీదుగా ఒకరు చూశారు. జీలకర్రంత కూడా లేవు, వీటికోసమా మా చేతులు విరిగింది అంది జములమ్మ. అంటూనే అందరికన్నా ఎక్కువసేపు చూసింది.

వాళ్ళు తిరిగి బిందెల దగ్గరికి పోయాక ఉవైస్ నడుముకు తాడు కట్టుకుని బావిలోకి దిగాడు. ఫిల్టరు కట్లు విప్పి, చంకలో పెట్టుకుని పైకి ఎక్కాడు. ఫరా చేయి అందించి, అయిపోయిందా అని అడిగింది.

"అయింది. ఇంక నీళ్ళను రానీ" అన్నాడు ఉవైస్.