కుడికంటికి నీలం

పేజీ తిప్పగానే నీలం.

పేజీ నిండా నీలం. తడిగా, చల్లగా... వేలు పెడితే అంటుకుంటుందేమో అన్నట్టు.

ఆమె ఎడమకంటి మీద అరచెయ్యి పెట్టుకుని చూసింది. నీలం.

చెయ్యి మార్చి కుడికన్ను మూసుకుంది. నీలం పోయింది. ఆ చోట బూడిద రంగు. మబ్బు పట్టిన సాయంత్రం లాంటి, మాడిన గిన్నె అడుగు లాంటి బూడిద.

మళ్ళీ కుడి. మళ్ళీ ఎడమ.

బొమ్మలోని సముద్రం ఒక్కటే. చూసే మనిషీ ఒక్కతే.

యూనివర్సిటీ లైబ్రరీలో అది అన్నిటికన్నా పై అంతస్తు. చిత్రకళ, ఫోటోగ్రఫీ పుస్తకాలన్నీ అక్కడే. నిలబెడితే అరల్లో పట్టవు. అందుకని పడుకోబెట్టి ఉంటాయి — ఒకదాని మీద ఒకటి, మధ్యాహ్నం నిద్రపోతున్న పెద్దవాళ్ళలా. అక్కడికి ఎవరూ రారు. కిటికీలోంచి వెలుతురు మాత్రం వస్తుంది. కాసేపు బల్ల మీద కూర్చుని వెళ్ళిపోతుంది.

ఆమె ఈ యూనివర్సిటీలోనే లెక్కలు చెప్పి రిటైరయింది. అన్నేళ్ళలో లెక్కల పుస్తకాలున్న అంతస్తు దాటి ఒక్క మెట్టు పైకెక్కలేదు. పైన ఏముందని ఎవరినీ అడగనూ లేదు.

ఇప్పుడు రోజూ వస్తోంది.

కారణం ఒక చొక్కా.

అది ఆమె భర్తది. ఆయన దాన్ని నీలం చొక్కా అనేవాడు. ఆమె బూడిద రంగు చొక్కా అనేది.

"నా నీలం చొక్కా ఏదీ?" అని ఆయన గదిలోంచి అడిగితే, మనింట్లో నీలం చొక్కా లేదు, బూడిద రంగుదైతే తీగ మీద ఆరుతోంది అని ఆమె వంటింట్లోంచి జవాబు చెప్పేది.

ఏళ్ళ తరబడి ఇదే గొడవ. కోపం లేని గొడవ. కాఫీ తాగుతూ. తలుపుకి తాళం వేస్తూ. బస్సులో పక్కపక్కన కూర్చుని, చెవిలో చెప్పుకుంటూ. ఆయన చొక్కాని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఎండలో పట్టి చూపించేవాడు. ఆమె లెక్కల మనిషి. రుజువు లేనిదే దేన్నీ ఒప్పుకోదు. తన కళ్ళకి కనబడుతుంటే ఇంక వేరే రుజువెందుకు?

కిందటి వానాకాలంలో ఆయన పోయాడు.

గొడవ తేలకుండానే.

ఆ తర్వాత ఒకరోజు తల్లి పాలగిన్నె పక్కన పాలు పోయడం చూసి, కూతురు ఆమెని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఎన్నో ఏళ్ళుగా మెల్లమెల్లగా ముదిరాయి. ముందు కుడికంటికి ఆపరేషన్ చేశారు. ఎడమకంటికి కొన్నాళ్ళాగి చేస్తామన్నారు.

కట్టు విప్పిన రోజు ఇల్లంతా ఎవరో కడిగిపెట్టినట్టుంది. గోడలు ఇంత తెలుపా అనుకుంది. తువ్వాలు కోసం బీరువా తెరిచింది.

చొక్కా నీలంగా ఉంది.

వెన్నెల్లో ముంచి తీసినట్టు... నిక్షేపంగా, నిబ్బరంగా, నీలంగా.

బీరువా తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మీరే గెలిచారు అని చెప్దామంటే వినేవాళ్ళు లేరు.

కాసేపటికి కుడికన్ను మూసింది. చొక్కా మళ్ళీ బూడిద రంగుకి తిరిగింది. ఆమె మాట మళ్ళీ నిజమైంది.

అమ్మయ్య, అనుకుంది.

వారం తిరక్కుండానే లైబ్రరీకి వచ్చింది. ఒక్క చొక్కాని నమ్మి లెక్క తేల్చకూడదు కదా. లైబ్రేరియన్ ఒకప్పుడు ఆమె దగ్గర చదువుకున్న అమ్మాయే. రంగులు బాగా అచ్చయిన పుస్తకాలు కావాలని అడిగితే, లెక్కల్లోకి రంగులెప్పుడు వచ్చాయి మేడమ్ అని నవ్వి, పైకి పంపించింది.

ఆ నవ్వు పట్టుకుని మెట్లెక్కింది.

ఇక పుస్తకాలు... ఒకదాని వెనక ఒకటి. ఎవరో గీసిన ఆకాశాలు. ఎవరో ఫోటో తీసిన పాత తలుపులు, గాజు సీసాలు, వాన వెలిసిన వీధులు. బొమ్మల మీద కప్పిన పల్చటి కాగితం ఎత్తుతుంటే చిన్న శబ్దం — నిద్రలో ఎవరో ఒత్తిగిలినట్టు.

కుడికంటికి లోకం ఇప్పుడే పుట్టింది.

ఎడమకంటికి లోకమంతా టీ డికాషన్‌లో నాని ఉంది. ఆ రంగులోనే ఆయన్ని చూసింది. ఆయన జుట్టు నెరిసింది ఆ రంగులోనే. ఆస్పత్రి మంచం మీద ఆమె వైపు ఒత్తిగిలి పడుకున్నదీ ఆ రంగులోనే.

తీసేసిన పొరని ఏం చేస్తారని డాక్టరుని అడిగింది. ఏమీ మిగలదమ్మా, లోపలే ముక్కలు చేసి లాగేస్తాం అన్నాడాయన.

అప్పటినుంచి ఎడమకన్ను వాయిదా పడుతోంది. జలుబంది. ఎండలు తగ్గనీ అంది. చుట్టాలొస్తున్నారంది — రాని చుట్టాలు.

చివరికి కూతురు వెతుక్కుంటూ లైబ్రరీకే వచ్చింది. కోపంగా మెట్లెక్కింది. ఇవాళ అటో ఇటో తేల్చుకోవాలనే ఎక్కింది. పైకి వచ్చేసరికి, అంత పెద్ద గదిలో తల్లి ఒక్కతే, చిన్నపిల్లలా ఒక కన్ను మూసుకుని, పుస్తకం మీదికి వంగి ఉంది.

కోపం ఎటు పోయిందో పోయింది. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

"ఎందుకు వద్దంటున్నావో నిజం చెప్పమ్మా. భయమా?"

ఆమె పుస్తకం కూతురి వైపు జరిపి, ఇదేం రంగు అని అడిగింది. నీలం, అంది కూతురు.

అప్పుడు చెప్పింది. బీరువా సంగతి. చొక్కా సంగతి.

"ఈ కన్ను కూడా బాగైపోతే బూడిద అనేవాళ్ళు ఇంకెవరూ ఉండరే. మీ నాన్నతో నాకు మాట్లాడ్డానికి ఏం మిగులుతుంది?"

కూతురు పేజీ అంచు సర్దింది. తర్వాత నవ్వింది. ఏడుపుకి దగ్గరి నవ్వు.

"ఆస్పత్రికి బట్టలు సర్దుతుంటే, ఆ బూడిద రంగు చొక్కా పెట్టమ్మా అన్నాడు నాన్న. ఏ బూడిద రంగుది నాన్నా అన్నాను. అదేనే, నీలంది అన్నాడు. మీ అమ్మ బూడిద బూడిద అని అని నాకూ బూడిదలాగే కనబడుతోంది, అమ్మకి మాత్రం చెప్పకు అన్నాడు."

బల్ల మీద వెలుతురు కొంచెం జరిగింది.



అంటే ఆయన ఎప్పుడో ఇటు వచ్చేశాడు. చడీచప్పుడు లేకుండా. ఆమె ఎదుట మాత్రం నీలం, నీలం అని వాదిస్తూనే.

"దొంగమనిషి," అంది మెల్లగా.

అయితే ఇప్పుడు తను అటు వెళ్ళాలి. ఆయన బూడిద. తను నీలం. మళ్ళీ ఎదురెదురు...

ఆపరేషన్ ఎప్పుడన్నారని అడిగింది. కూతురు చెప్పింది. ఆమె సరే అనలేదు. వద్దనీ అనలేదు. కింది అరలో ఉన్న ఇంకో పుస్తకం చూపించింది. బరువైన ఫోటోల పుస్తకం. తల్లీకూతుళ్ళిద్దరూ చెరో వైపూ పట్టుకుని బల్ల మీదికి చేర్చారు.

నలుపు తెలుపు ఫోటో. నీళ్ళ ఒడ్డున ఒక పడవ.

ఆమె ఒక కన్ను మూసి చూసింది. ఇంకో కన్ను మూసి చూసింది. పడవ ఉన్నచోటే, ఉన్నట్టే ఉంది.

"ఈ పడవ ఏ రంగంటావు?"

"నలుపు తెలుపు కదమ్మా. ఎలా తెలుస్తుంది?"

"చెప్పవే, చూద్దాం."

కూతురు పరీక్షలో కూర్చున్నదానిలా తల వంచి చూసింది. నీళ్ళని చూసింది. పడవ నీడని చూసింది.

"ఆకుపచ్చ."

ఆమె రెండు కళ్ళూ తెరిచి, పేజీ మీదికి వంగింది.

"కాదు," అంది.