ఎండబోసిన తవుడు

పట్టకారు కొనతో ఒక్కో తెల్లటి పురుగునూ పైకి తీసి, పక్కనున్న స్టీలు పళ్ళెంలో పడుకోబెడుతున్నాడు ప్రభాకర్. పడెయ్యడం కాదు, పడుకోబెట్టడమే. రెక్కల పురుగుగా మారబోయే ముందు ఇవి కొన్నాళ్ళు తిండీతిప్పలు మానేసి కదలకుండా ఉండిపోతాయి. అప్పుడు పక్కనున్న ఆకలి పురుగులు కొరికేసినా కిక్కురుమనలేవు. అందుకే తెల్లారగానే, కాఫీ కూడా తాగకుండా, వెనక వరండాలో గొంతుక్కూచుని వాటిని వేరుచేస్తాడు. వాటికి ‘నిద్దరగాళ్ళు’ అని పేరు కూడా పెట్టుకున్నాడు.

మిగతావన్నీ గోధుమ తవుడు నింపిన ప్లాస్టిక్ ట్రేలలో ఉంటాయి. బియ్యపుగింజ కన్నా పొడుగ్గా, పసుపుపచ్చగా నిగనిగలాడుతుంటాయి. ట్రే దగ్గర చెవి పెడితే సన్నటి తుంపర పడుతున్నట్టు చప్పుడు. రంగు చేపలకీ, పంజరం పిట్టలకీ, గాజుతొట్లో తాబేళ్ళకీ ఇవంటే ప్రాణం. బందరులో పెంపుడు జంతువున్న ప్రతి ఇంటివాళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు ప్రభాకర్ గుమ్మం తొక్కవలసిందే.

మనిషి బక్కపల్చన. యాభై దాటకముందే భుజాలు ముందుకి వంగిపోయాయి. వేళ్ళ కొసలు కాలి కాలి నున్నగా అయిపోయాయి. చిలకలపూడిలో కవరింగు నగల షెడ్డులో గొలుసులకి కొక్కేలు అతికించడం అతని పని. పెళ్ళైనప్పటినుంచీ అదే షెడ్డు, అదే పీట. అతను టంకం పెట్టిన గొలుసులు ఎన్ని పెళ్ళిళ్ళకి వెళ్ళాయో లెక్కలేదు. కానీ అతికినంతకాలం ఆ కొక్కెం ఎవరికీ గుర్తురాదు, ఊడినప్పుడే తిట్టుకుంటారు. అలాంటి పనిలో పేరేం వస్తుంది చెప్పండి? పేరు వచ్చింది పురుగులవల్లే. ‘పురుగుల ప్రభాకర్’ అంటే రిక్షావాడు కూడా ఇల్లు చూపిస్తాడు. ఆ పేరు విన్నప్పుడల్లా భార్య కృపాకుమారి తల పట్టుకుంటుంది, ప్రభాకర్ లోలోపల మురిసిపోతాడు.

ఆ పొద్దున నిద్దరగాళ్ళతోపాటు ఇంకో పని కూడా ఉంది. గుడివాడలో వసుంధర గారని రిటైరైన డ్రాయింగు టీచరు. ఆవిడ ఫించ్ పిట్టలు గుడ్లు పెట్టడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ తల్లిపిట్ట పుట్టిన పిల్లల్ని ముక్కుతో గూట్లోంచి నెట్టేసింది. మెత్తటి పురుగు దొరికితేనే అది పిల్లల నోట్లో పెడుతుందని ప్రభాకర్ చెప్పాడు. నిన్న పిల్లలొచ్చాయి. అప్పుడే పొర విడిచి తెల్లగా మెత్తగా ఉన్నవాటిని ఏరుకుని ఈ సాయంత్రానికల్లా తెస్తానని మాటిచ్చాడు. షెడ్డులో సగంపూట సెలవు కూడా అడిగిపెట్టుకున్నాడు.

"ఇంక కప్పెయ్యండి, మా అమ్మ లేస్తుంది," అంది కృప లోపలినుంచి గుసగుసగా.

అత్తగారు జ్ఞానమ్మ రాత్రే నాగాయలంక నుంచి దిగింది. ఈ సాయంత్రం చర్చి సంఘం ఆడవాళ్ళ ప్రార్థన కూడిక కృప ఇంట్లోనే కాబట్టి, దానికని వచ్చింది. ‘మా ఆయన ఇంట్లో పురుగుల్ని మేపుతున్నాడు’ అని కన్నతల్లికి చెప్పుకోలేక ఇన్నేళ్ళూ దాచింది కృప. ప్రభాకర్ ట్రేల మీద పాత చీర కప్పేసి, కాఫీ తాగి, సైకిలెక్కాడు.

జ్ఞానమ్మ గురించి ఒక మాట చెప్పాలి. అల్లుడు ఎదురుపడితే కొంగు నెత్తిమీదికి లాక్కుని తలుపు చాటుకి తప్పుకోవడమే ఆవిడకి తెలిసిన మర్యాద. ముఖాముఖి ఒక్క మాట మాట్లాడిన పాపాన పోలేదు. ఏం చెప్పాలన్నా కూతురితో చెబుతుంది. కూతురు ఇంట్లో లేకపోతే తలుపుతో చెబుతుంది, ప్రభాకర్ వింటాడు.

మధ్యాహ్నం ప్రభాకర్ ఇంటికొచ్చేసరికి పెరట్లో కోళ్ళ సందడి. పక్కింటివాళ్ళ పెట్టలు గచ్చు మీద గబగబా ఏరుకు తింటున్నాయి. గోడ మీద గోరువంకలు వంతు కోసం కాచుకున్నాయి. ట్రేలన్నీ కడిగి, బోర్లించి ఉన్నాయి. గచ్చు మీద మడతలుగా పరిచిన గోనెపట్టాల మీద, ఫిబ్రవరి ఎండలో, తవుడు పల్చగా ఆరుతోంది. దాని పక్కన చేట పట్టుకుని జ్ఞానమ్మ కూచునుంది.

అల్లుణ్ణి చూడగానే లేచి, కొంగు లాక్కుని, వెళ్ళి తలుపు చాటున నిలబడింది. కృప బజారుకి వెళ్ళింది.

"తవుడంతా పురుగు పట్టిపోయింది," అంది తలుపుతో. "సాయంత్రం నలుగురూ వచ్చి చూస్తే మా పిల్లనేం అనుకుంటారు? అందుకే చెరిగి ఎండబోశాను. పురుగుల్ని కోళ్ళు తినేశాయి, పీడా పోయింది."

ప్రభాకర్ పట్టా దగ్గరికి పరుగెత్తాడు. వంగి తవుడులో వేళ్ళు పెట్టి కలియదిప్పాడు. ఎండిన పొట్టు తప్ప ఏమీ తగల్లేదు. గుడ్లు పెట్టే నల్ల తల్లిపురుగులు కూడా లేవు. గుప్పెడు పురుగులతో మొదలుపెట్టి, తరం తర్వాత తరం, ఎండాకాలంలో తడిగుడ్డలు కప్పి, వానాకాలంలో బూజు రాకుండా కాచుకుని పెంచిన సంతతి. అది పక్కింటి పెట్టల పొట్టలో పడింది. కోపం వచ్చింది. కానీ అత్తగారిని ఎదురుమాట అన్న అల్లుడు కృష్ణా జిల్లాలో ఎక్కడైనా ఉన్నాడేమో గానీ, ప్రభాకర్ మాత్రం కాదు.

"మంచి పని చేశారండీ అత్తయ్యగారూ," అన్నాడు. "మీకెందుకండీ ఇంత శ్రమ."

అప్పుడే కృప సంచితో వచ్చింది. పెరడు చూసి నోరు తెరిచింది. ప్రభాకర్ వద్దన్నట్టు చెయ్యూపాడు. అంతలో జేబులో ఫోను మోగింది. షెడ్డు మోతకి చెవులు మందగించి, ఎవరు చేసినా స్పీకరు పెట్టుకోవడం అతనికి అలవాటు.

"ప్రభాకర్ గారూ, బయల్దేరారాండీ?" వసుంధర గారి గొంతు పెరడంతా వినిపించింది. "తల్లి మళ్ళీ ఒకదాన్ని గూటి అంచుకి నెట్టిందండీ. నేను చెంచాతో లోపలికి పెట్టాను. మీ పురుగులొస్తే గానీ ఇవి బతకవు. మీరు పెంచేవాటిమీదే ఆశండీ."

"వస్తానండీ," అన్నాడు ప్రభాకర్. ఏం పట్టుకుని వస్తాడో అతనికే తెలీదు.

తలుపు రెక్క కొంచెం తెరుచుకుంది. "కృపా," అంది జ్ఞానమ్మ నెమ్మదిగా. "అవి ఆయన పెంచుకునేవా?"

"అవునమ్మా."

"పురుగుల్ని పెంచుకోవడం ఏంటే?"

"పిట్టలకమ్మా. చేపలకి."

"మరి చెప్పొద్దటే నాకు? చీర కప్పి దాచిపెడితే, నువ్వు సిగ్గుపడి దాచావనుకున్నా."

"సిగ్గుపడే దాచానమ్మా," అంది కృప. ఆ మాట అన్నాక మొగుడి మొహం చూడలేకపోయింది. ప్రభాకర్‌కి కోళ్ళు తినడం కన్నా ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది. మెట్టు మీద కూలబడి చేతులకేసి చూసుకుంటూ ఉండిపోయాడు.

జ్ఞానమ్మ తలుపు చాటునుంచి బయటికొచ్చింది. చేతికర్ర తిప్పి కోళ్ళని అదిలించింది. గచ్చు మీద మోకాళ్ళూని కూచుని, గోనెపట్టా ఒక కొస పట్టుకుని తవుడు ఒలికిపోకుండా మెల్లగా ఎత్తింది. బియ్యం, పప్పులు, నువ్వులు ఎండబోసిన చెయ్యి అది. ఎండ తగిలిన పురుగు ఎటు పోతుందో ఆ చేతికి తెలుసు.

"బాబూ, ఇటు రండి," అంది. "ఇదుగో, ఇక్కడున్నాయి మీవి."

ఆవిడ తనతోనే మాట్లాడిందని ప్రభాకర్‌కి ఒక్క క్షణం బోధపడలేదు. లేచి వెళ్ళి చూశాడు. పట్టా అడుగున, మడతల నీడలో, పురుగులు పొర్లాడుతున్నాయి. పసుపువి, నల్లవి, అప్పుడే పొర విడిచిన తెల్లవి. తిన్నవి పోను సగానికి సగం మిగిలాయి. ప్రభాకర్‌కి కళ్ళు చెమ్మగిల్లాయి, దాచుకోవాలని కూడా అనుకోలేదు.

ముగ్గురూ మోకాళ్ళ మీద కూచుని తలలు వంచి ఏరసాగారు. కూడికకి అందరికన్నా ముందొచ్చే ఝాన్సీ, ఆవిడ వెనకాల ఇంకో ఇద్దరూ పెరట్లోకి వచ్చి చూశారు. ప్రార్థన అప్పుడే మొదలైపోయిందనుకుని గబుక్కున ముసుగులేసుకుని వాళ్ళూ మోకరించారు. ఝాన్సీ కళ్ళు మూసుకుని పెద్దగా స్తోత్రాలు కూడా ఎత్తుకుంది. చేతి మీద ఏదో పాకాక కళ్ళు తెరిచింది. ఆ కేక విని పారిపోయిన కోళ్ళు మళ్ళీ ఆ పెరటి మొహం చూడలేదు. జ్ఞానమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. చాలా కాలానికి అమ్మ అలా నవ్వడం చూశానని కృప తర్వాత చెప్పింది.

"మా ఆయన పెంచుతారు వీటిని," అంది కృప వచ్చినవాళ్ళతో, ఎవరూ అడక్కుండానే. "గుడివాడ దాకా వీటికోసం ఎదురు చూస్తారు."

బస్సులో ప్రభాకర్ డబ్బాని ఒళ్ళో పెట్టుకుని, గాలి ఆడేలా మూత మీద వేలితో కన్నాలు సరిచూసుకుంటూ వెళ్ళాడు. వసుంధర గారింట్లో దీపాలు పెట్టే వేళకి తల్లిపిట్ట ఒక తెల్ల పురుగుని ముక్కున కరిచింది. అటూ ఇటూ చూసింది. ఆపైన గూట్లోకి దూరింది. లోపల పిల్లల కిచకిచలు ఒక్కసారిగా పెద్దవయ్యాయి, తర్వాత ఆగిపోయాయి. వసుంధర గారు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ప్రభాకర్ ఆవిడిచ్చిన టీ చల్లారేదాకా అక్కడే నిలబడి చూశాడు.

మర్నాడు జ్ఞానమ్మ బస్సెక్కింది. కిటికీలోంచి, "ఆయన్ని వేళకి తినమను," అని కూతురికి చెప్పింది. అల్లుడు పక్కనే నిలబడి ఉన్నాడు, మళ్ళీ మామూలే.

ఎండలు ముదరకముందే ఒక రాత్రి జ్ఞానమ్మ కొడుకింట్లో నిద్రలోనే పోయింది. ఎవర్నీ లేపలేదు, మంచినీళ్ళు కూడా అడగలేదు. సమాధి దగ్గర్నుంచి వచ్చాక కోడలు సుమలత ప్రభాకర్‌ని వంటింటి వెనక్కి పిలిచింది.

"అన్నయ్యగారూ, ఇదేంటో మీరైనా చెప్పండి. కోళ్ళకని చెప్పి మమ్మల్నెవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు."

ప్రభాకర్ చూశాడు. ఆ మధ్యాహ్నం ఏరుతూ ఏరుతూ ఏ కొంగు కొసన ముడేసుకుందో మరి. అడిగితే డబ్బా నిండా ఇచ్చేవాడు కదా. అల్లుణ్ణి అడగలేకపోయింది పిచ్చితల్లి. అతనికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

కిటికీ గూట్లో, ఎండ తగలని వారగా, నోటికి పల్చటి గుడ్డ కట్టిన హార్లిక్స్ సీసా. అందులో సగందాకా తవుడు, తవుడు మీద తడి ఇంకా ఆరని సొరకాయ ముక్క, దాని అంచు కొరుకుతూ ఒక నల్ల తల్లిపురుగు.