రెండు వద్దులూ ఒక సరే

మా ఆయన విశ్వేశ్వరరావుగారితో ఇరవై ఆరేళ్ళుగా కాపురం చేస్తున్నాను. అందులో కనీసం ఆరేళ్ళు అలకలోనే గడిచి ఉంటాయి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా తణుకులో అందరికీ తెలుసు. "ఇక మీతో మాట్లాడను" అంటాను. ఆయన పేపరు దించకుండానే "ఎందాకా?" అంటారు. కాఫీ దాకానా, కూరలబండి వచ్చేదాకానా అని గడువు కూడా ఆయనే పెడతారు. నాకు నవ్వొచ్చేస్తుంది. మా కాపురం నడిచిందే ఆ ఒక్క మాట మీద.

1999 ఫిబ్రవరిలో ఆయనకి చిన్న మెదడులో రక్తం గడ్డకట్టింది. ఆపరేషన్ చేశారు. రెండు నెలలు గోడ పట్టుకుని తూలుతూ నడిచారు, తర్వాత కుదుటపడ్డారు. రోడ్లు భవనాల శాఖలో మళ్ళీ డ్యూటీలో కూడా చేరారు. గండం గడిచిందని అందరూ అన్నారు, నేనూ అన్నాను.

మే నెలలో ఆవకాయకి కాయలు తెమ్మంటే మాగిన రసాలు తెచ్చారు. ఒళ్ళు మండి "ఇక మీతో మాట్లాడను" అన్నాను. ఆయన "సరే" అన్నారు. అని పేపరు చదువుకున్నారు. మూడు రోజులు నేను మాట్లాడలేదు, ఆయనకి అది అలకని తట్టనే లేదు. నాలుగోరోజు వంటింట్లో కూర్చుని కుళ్ళికుళ్ళి ఏడ్చాను. మనిషి ఇంటికొచ్చాడు గానీ, నా "ఎందాకా" ఆస్పత్రిలోనే ఉండిపోయింది.

అంతటితో అయిందా! మా అమ్మాయి రసజ్ఞకి మాదాపూర్‌లో కొత్తగా లేచిన గుండ్రటి అద్దాల మేడలో కంప్యూటర్ ఉద్యోగం. ఆయన కూడా హైదరాబాదుకి బదిలీ చేయించుకున్నాక, దానికి దగ్గరని కొత్తగూడలో అద్దెకి దిగాం. ఇంటాయన బాలనర్సయ్య ఈ ఊరివాడే, మంచి మనిషి. ఒకరోజు కుళాయి బాగుచేయించి, "పోయొస్త సారూ" అన్నాడు. మా ఆయన తలెత్తి, "మళ్ళీ ఎందుకు? పని అయిపోయింది కదా" అన్నారు.

అంతే, బాలనర్సయ్య మొహం మాడిపోయింది. నెలరోజులు మా గుమ్మం తొక్కలేదు. "అదేంటండీ, వెళ్ళొస్తానంటే వెళ్తానని కదా!" అని నేను తల బాదుకుంటే, "మరి వస్తానని ఎందుకన్నాడు?" అన్నారాయన.

నరాల డాక్టర్ ఉమాశ్రీగారి దగ్గరికి లాక్కెళ్ళాను. ఆవిడ ఆయన్ని గీత మీద నడిపించారు, వేలితో ముక్కు ముట్టించారు. "అన్నీ బాగున్నాయండీ" అన్నారు.

"అన్నీ ఎక్కడండీ? మొహమాటం పోయింది. హాస్యం పోయింది. అవి చూడరా మీరు?" అన్నాను.

వేరే డాక్టరైతే నవ్వేసేవాడు. ఆవిడ పెన్ను కింద పెట్టారు. "చిన్న మెదడంటే కాళ్ళూ చేతులూ తప్పకుండా తాళం వేసేది అని మేం చదువుకున్నాం. మాటకీ మనసుకీ కూడా అదే తాళం వేస్తుందేమోనని ఈమధ్య కొందరు రాస్తున్నారు. ఎదుటివాళ్ళు ఏమంటారో ఒక క్షణం ముందే అంచనా కట్టడం, అంచనా తప్పితే దిద్దుకోవడం... ఇంకా తేలలేదు గానీ, మీరు చెప్పేది వింటుంటే నాకూ అదే అనిపిస్తోంది."

"ఓహో, నోటికి తాళం వేసేదీ అదేనన్నమాట! మా ఆయనకి ఆ తాళమే ఊడిపోయిందండీ" అన్నాను. ఆవిడ పకపకా నవ్వారు. పక్కనున్న ఆయన మాత్రం "తాళం ఇంటి దగ్గర వేసే వచ్చాంగా" అన్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"నలుగురిలోకి తీసుకెళ్ళండి. తప్పులు చేయనివ్వండి. చిన్న మెదడు తప్పుల్లోంచే నేర్చుకుంటుంది" అని చెప్పి పంపించారు డాక్టరమ్మ.

ఆషాఢంలో బోనాల పండగొచ్చింది. ఏమనుకున్నాడో ఏమో, బాలనర్సయ్య చౌరస్తా అవతలున్న వాళ్ళింట్లో విందుందని దావత్‌కి పిలిచాడు. నాకు గుండెల్లో రాయి పడింది. రసజ్ఞ మాత్రం, "భయమెందుకమ్మా, నాన్నకి ప్రోగ్రామ్ రాసిస్తా" అంది. రాసింది కూడా. వడ్డిస్తే ఒకటోసారి వద్దనాలి, రెండోసారి వద్దనాలి, మూడోసారి సరే అనాలి. మా గోదావరి మర్యాదంతా ఒక కాగితం మీద పెట్టేసింది పిల్ల. తండ్రి దాన్ని రెండురోజులు బట్టీ పట్టారు. నేను గరిటె పట్టుకుని పరీక్ష కూడా పెట్టాను. నూటికి నూరు!

దావత్‌లో బాలనర్సయ్య భార్య రుక్కమ్మ యాటకూర గిన్నెతో వచ్చింది. మా ఆయనకి మాంసమంటే ప్రాణం.

"జర ఏస్కోండి సారూ."

"వద్దండి." బొటనవేలు మడిచారు.

"అయ్యో, ఒక్క ముక్క!"

"వద్దండి." చూపుడు వేలు మడిచారు.

"సరే తియ్యిండ్రి. దవాఖానల పడి లేసిన మనిషి, బలిమికి పెట్టొద్దు" అని రుక్కమ్మ గిన్నెతో పక్క విస్తరికి వెళ్ళిపోయింది.

ఆయన మడిచిన రెండు వేళ్ళకేసి చూసుకున్నారు. వెళ్తున్న గిన్నెకేసి చూశారు. పంక్తి అంతటికీ వినపడేలా, "మూడోసారి అడగలేదు!" అన్నారు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఎవరూ ముద్ద ఎత్తలేదు. బాలనర్సయ్య లేచి వచ్చి, "మూడోసారేంది సారూ?" అన్నాడు. ఆయన ప్రోగ్రామంతా పూసగుచ్చినట్టు చెప్పారు. బాలనర్సయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "గిట్ల గూడ ఉంటదా! సారూ, మా ఇంట్ల కావాలంటె కావాలనుండ్రి, అయిపాయె. ఏ రుక్కమ్మా, గిన్నె ఇటు తే!"

ఆయన మూడుసార్లు వేయించుకుని తిన్నారు. ఒక్కసారి కూడా వద్దనలేదు.

వచ్చేటప్పుడు ఆయన బుద్ధిగా చేతులు జోడించి, "వెళ్ళొస్తామండి" అన్నారు.

బాలనర్సయ్య మీసం దువ్వుకున్నాడు. "మల్ల ఎందుకు సారూ? పని అయిపాయె గద!"

ఆయన మొహం ఖాళీగా ఉంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు... లోపల ఎక్కడో ఏదో వెతుక్కుంటున్నట్టు నిలబడ్డారు. తర్వాత మెల్లిగా పెదవి కదిలింది. ఆ తర్వాత నవ్వారు, ఆపరేషన్ తర్వాత మొదటిసారి పళ్ళు కనపడేలా. బాలనర్సయ్య ఆయన్ని భుజం చుట్టూ చేయి వేసి వీధి మొగ దాకా సాగనంపాడు.

నేను మాత్రం ఉడికిపోతూనే ఉన్నాను. ఊరంతటి ముందు వేళ్ళు లెక్కపెడతారా మనిషన్నాక! వీధి మలుపు తిరగ్గానే, "పరువు తీశారు. ఇక మీతో మాట్లాడను" అనేశాను.

అన్నాక నాలుక కరుచుకున్నాను. మళ్ళీ "సరే" అంటారు. మళ్ళీ మూడు రోజులు. ఆయన ఏమీ అనలేదు. పక్కనే నడుస్తున్నారు. కిరాణా కొట్టు దాటాం, బండరాళ్ళు దాటాం. నా కళ్ళు చెమ్మగిల్లాయి, ఆయన చూడకుండా కొంగుతో తుడుచుకున్నాను. డాక్టర్లు వంద చెప్తారు, పోయింది పోయినట్టేననుకున్నాను.

"పుణ్యవతీ" అన్నారు.

నేను మొహం అటు తిప్పుకున్నాను.

"ఎందాకా? కొత్తగూడ చౌరస్తా దాకానా, ఇంటి దాకానా?"

ఆలస్యంగా వచ్చింది, యాభై అడుగులు ఆలస్యంగా. రానివ్వండి. రోడ్డు మధ్యలో ఆగిపోయి, ఏడుస్తూ నవ్వుతూ, "చౌరస్తా దాకా" అన్నాను.

"దూరం కదా" అన్నారాయన. "ఉండలేవు."