సగంలో ఆగిన నవల

"ఇంతకీ ఆ పిల్ల రైలెక్కిందా లేదా జాన్‌బీ?"

మిరప చేలో పక్క సాలు కోస్తున్న సుబ్బరావమ్మ అలా అడిగేసరికి జాన్‌బీ చేతులు ఆగిపోయాయి. ఆ పిల్ల నవల్లోది. నిరుడు వానాకాలమంతా జాన్‌బీ భర్త గౌస్ బాషా సాయంత్రాలు ఆ నవల పైకి చదువుతుంటే, పొరుగింటి సుబ్బరావమ్మ కూడా వచ్చి గడప దగ్గర కూర్చునేది.

"తెలీదక్కా. అక్కడే ఆగిపోయిందిగా," అంది జాన్‌బీ.

గౌస్ బాషా పరుపులు కుట్టేవాడు. పగలంతా దూది ఏకి, ఒంటినిండా నూగుతో ఇంటికొచ్చి, స్నానం చేసి, టీ తాగి పుస్తకం తీసేవాడు. జాన్‌బీకి చదువు రాదు. పెళ్లయిన కొత్తలో ఆమె కోసం వారపత్రికల సీరియళ్లతో మొదలుపెట్టిన అలవాటది. యాస్మిన్, అయూబ్ పుట్టాక నలుగురూ ఒకే చాప మీద చేరేవారు. కథలో ముసలమ్మ మాట్లాడితే అతని గొంతు వణికేది. జాన్‌బీ "ఎందుకట?" అని అడ్డం పడితే, విసుక్కోకుండా పేజీ వెనక్కి తిప్పి మళ్లీ చదివేవాడు.

ఆ నవల సగంలో ఉండగా గొంతు బొంగురుపోయింది. దూది నూగు పడలేదనుకున్నారు. కాదు, గొంతులో రాచపుండు. గుంటూరులో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ప్రాణం దక్కింది. మెడ మీద చిన్న రంధ్రం, దానికి అడ్డంగా తెల్లటి గుడ్డ మిగిలాయి. మాట పోయింది.

అప్పట్నుంచి సాయంత్రమైతే ఇంట్లో తలా ఒక మూల. ఓసారి యాస్మిన్ తల్లి కోసం ఫోన్‌లో ఏదో కథ పెట్టింది. చదివే ఆవిడ గొంతు బాగానే ఉంది. కానీ జాన్‌బీ "ఎందుకట?" అంటే ఆగలేదు. తన దారిన తాను చదువుకుంటూ పోయింది. జాన్‌బీ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ రోజు చేలోంచి రాగానే భర్త పక్కన కూర్చుంది. "ఏమయ్యా, నువ్వైనా లోలోపల చదివేసే ఉంటావుగా. ఆ పిల్ల ఏమైందో సైగ చేసైనా చెప్పు."

గౌస్ బాషా పెట్టెలోంచి పుస్తకం తీశాడు. గుర్తుగా పెట్టిన బస్సు టికెట్ నిరుడున్న పేజీలోనే ఉంది. తల అడ్డంగా ఊపాడు. ఆమెనీ, పిల్లల్నీ, తననీ వేలితో చూపించి, చాప మీద అరచేత్తో తట్టాడు. వాళ్లు లేకుండా ఒక్క పేజీ కూడా ముందుకు వెళ్లలేదన్నమాట.

జాన్‌బీ కూతుర్ని పిలిచింది. "యాస్మిన్! ఇటు రా. నువ్వు చదువు."

"నాకు తెలుగు తడబడుద్దమ్మా. ఇంగ్లీష్ మీడియం కదా."

"తడబడితే తడబడు."

యాస్మిన్ తల వంచుకుంది. "అది కాదమ్మా... నేను చదివితే, నాన్న ఎలా చదివేవాడో ఇక గుర్తుండదేమోనని."

ఆ భయం జాన్‌బీకీ ఉంది. గౌస్ బాషాయే పుస్తకం తెరిచి కూతురి ఒళ్లో పెట్టాడు.

యాస్మిన్ మొదలుపెట్టింది. రెండో పేరాలోనే "ప్ర... ప్రత్..." అని ఆగింది. తండ్రి పెదవులతో ఆ మాట అని చూపించాడు. అయూబ్ ఫోన్ పక్కన పడేసి తండ్రి మొహంలోకి చూశాడు.

"పత్తి!" అన్నాడు.

గౌస్ బాషా భుజాలు కదిలేలా నవ్వాడు, చప్పుడు లేకుండా. మళ్లీ నెమ్మదిగా పెదవులు కదిపాడు.

"ప్రత్యుత్తరం!" యాస్మిన్ అరిచినంత పని చేసింది.

ఆ పిల్ల రైలెక్కలేదు. తన ఉత్తరానికి ప్రత్యుత్తరం రాలేదని స్టేషన్లో బల్ల మీదే కూర్చుని, రైలు వెళ్లిపోయేదాకా చూసింది.

"ఎందుకట?" జాన్‌బీకి తెలియకుండానే ఆ మాట వచ్చేసింది.

యాస్మిన్ ఆగింది. ఒక పేజీ వెనక్కి తిప్పి, ఈసారి కాస్త నిదానంగా చదివింది.

జాన్‌బీ మాత్రం కూతురి వైపు చూడటం లేదు. యాస్మిన్ చదివే ప్రతి మాటకీ గౌస్ బాషా పెదవులు కూడా కదులుతున్నాయి. ముసలమ్మ మాటల దగ్గర అతని గడ్డం సన్నగా వణికింది. జాన్‌బీ అతని భుజానికి ఆనుకునేంత దగ్గరగా జరిగి, చెవి ఒగ్గింది. తెల్ల గుడ్డ వెనక నుంచి ఊపిరి చప్పుడు ఒక్కటే వినిపించింది.