అరంగుళం దిగిన కారు

ఆయిల్ కారుతోందని కారు పట్టుకుని కూర్చున్నది కూతురు. జాకీ పట్టుకొచ్చింది మేనమామ. గుండె పట్టుకుని నిలబడింది మాత్రం అమ్మ.

ఆదివారం పొద్దున కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో చొక్కా కాలరు తిప్పుతూ, ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. ఇంటి పక్క రేకుల షెడ్డులో కారు ముక్కు పైకెత్తుకుని ఉంది. దాని కిందనుంచి రెండు కాళ్ళు బయటికొచ్చి ఉన్నాయి. ఆ కాళ్ళకున్న నీలం చెప్పులు పోయిన నెల ఆవిడ కొన్నవే.

సూది గుడ్డలో దిగి ఉండగానే లేచి పరుగెత్తింది.

"బయటికి రా!"

"ఏమైందమ్మా?"

"ఏమీ కాకముందే రా. అయ్యాక పిలిస్తే పలుకుతావా?"

ఇరవై ఏళ్ళు లారీ నడిపిన తమ్ముడు చేతులు తుడుచుకుంటూ నవ్వాడు. "వచ్చింది మా అక్క! కుక్కరు కూతేస్తే బాంబు, ఫోను మోగితే చావు కబురు."

అబద్ధం కాదు. ఆవిడ భయపడని రోజు లేదు, ఆ భయాన్ని ఇంట్లో పట్టించుకున్నవాళ్ళూ లేరు. పది భయాల్లో తొమ్మిది ఉత్తవేనని ఆవిడకీ తెలుసు. ఆ పదోది ఏదో ముందే తెలిస్తే తొమ్మిదీ మానేసేదే.

వంగి చూసింది. చెంబంత ఎర్ర జాకీ ఒక్కటే కారు బరువంతా నెత్తిన పెట్టుకుని నిలబడి ఉంది.

"ఇంత కారునీ ఇదొక్కటేనా మోసేది?"

"రెండు టన్నులు మోస్తుందక్కా. చూడు, దాని మీదే రాసుంది."

"రాసినవాడు దాని కింద పడుకుని రాశాడా?"

కూతురు పాక్కుంటూ బయటికొచ్చింది. నుదుటి మీద నల్లటి చార. "ఆయిలంతా టబ్బులోకి దింపేశానమ్మా. ఇక ఆయిలుండే చాంబర్ బోల్టులు విప్పి, కారకుండా కొత్త ప్యాకింగ్ వెయ్యాలి, అంతే. రేపు కొత్త ఉద్యోగంలో మొదటి రోజు. బండి లేకపోతే ఎలా వెళ్ళను?"

"సరే. ముందు టీ తాగండి."

టీ మాట ఎత్తితే తమ్ముడు కాదనడు. ఇద్దరూ మెట్టు మీద కూర్చున్నారు. ఆవిడ మెడలోని టేపు తీసి, నేల నుంచి కారు తలుపు కింది అంచు దాకా కొలిచింది. పద్నాలుగున్నర అంగుళాలు. కుట్టుసుద్దతో నేల మీద రాసిపెట్టింది. తమ్ముడికి రెండో గ్లాసు పోసింది. మూడోదీ పోసింది. ఇరవై నిమిషాలయ్యాక మళ్ళీ కొలిచింది.

"తమ్ముడూ, అరంగుళం దిగింది."

"నీ టేపు సాగిందేమో."

"ముప్పై ఏళ్ళుగా కొలుస్తున్నా. టేపు సాగే పనైతే ఈపాటికి వీధిలో మగాళ్ళ చొక్కాలన్నీ మోకాళ్ళ దాకా వేలాడేవి."

కూతురు పకపకా నవ్వింది. తమ్ముడు నవ్వలేదు. జాకీ దగ్గర గొంతుక్కూర్చుని, దాని మెడ చుట్టూ లోపల్నుంచి ఊరుతున్న నూనెను బొటనవేలితో తుడిచేశాడు. "కాస్త చెమ్మ, అంతే. నీ తృప్తి కోసం కారు కింద ఇటుకలు పేరుద్దాంలే."

గోడ పక్కనున్న ఇటుకల్లో ఒకటి తీసి, ఆవిడ ఎత్తులోంచి సిమెంటు నేల మీద పడేసింది. రెండు ముక్కలైంది.

"నా చేతిలోంచి పడితేనే ఇలా ఉంది. ఇంక కారే దీని మీద పడితే?"

తమ్ముడి మొహం ఎర్రబడింది. "ఇరవై ఏళ్ళు లారీల కింద పడుకున్నాను. నాకేమైంది? నా మీద నమ్మకం లేదా నీకు?"

"నీ మీద బోలెడు నమ్మకం. ఆ జాకీ నా తమ్ముడు కాదు."

"అబ్బా, ఊరుకోండి ఇద్దరూ," అంటూ కూతురు మళ్ళీ కారు వైపు అడుగేసింది. "నేను గబగబా..."

అప్పటికే జాకీ కడ్డీ అమ్మ చేతిలో ఉంది. తమ్ముడు దాన్ని ఎక్కడ దూర్చాడో, ఎటు తిప్పాడో కిటికీలోంచి చూసే ఉంది. "దూరం జరగండి!" అని అరిచి, ఇద్దరూ జరిగాక తిప్పింది. కారు బుస్సుమంటూ చక్రాల మీదికి దిగింది. ఆవిడ కడ్డీని చంకలో పెట్టుకుంది.

"ఇప్పుడు దూరండి, ఎవరు దూరతారో చూస్తాను."

చంకలో కడ్డీ, మెడలో టేపు. అలాగే వీధి చివర మెకానిక్ షెడ్డుకు నడిచింది. వెనకాలే తమ్ముడు. "పరువు తీస్తున్నావక్కా! నలుగురూ నవ్వుతారు."

"నవ్వనీ. వాళ్ళ నవ్వు మీద పడితే నా కూతురు నలిగిపోదు."

మెకానిక్ నవ్వలేదు. రెండు ఇనప స్టాండ్లు, మంచి జాకీ ఒకటి బయటికి తీశాడు. "జాకీ ఎత్తడానికే పిన్నిగారూ, మోయడానికి స్టాండే. స్టాండ్లు లేకుండా నా షెడ్డులో ఎవడూ కారు కింద దూరడు." స్టాండ్లు ఎక్కడ ఆనించాలో షెడ్డులో ఉన్న ఇంకో కారు కింద తమ్ముడికి చూపించాడు. తమ్ముడు తల గోక్కున్నాడు.

తిరిగొచ్చాక వెనక చక్రాలకు చెక్కదిమ్మలు అడ్డం పెట్టారు, హ్యాండ్‌బ్రేకు లాగారు. కారు ఎత్తి, రెండు పక్కలా స్టాండ్లు పెట్టి, బరువు వాటి మీదికి దించారు. అమ్మ రెండు చేతులా కారును నెట్టింది. భుజం ఆనించి నెట్టింది. ఆయాసం ఆవిడకే వచ్చింది.

"తమ్ముడూ, నువ్వూ నెట్టు. మూడు గ్లాసుల టీ ఎక్కడికి పోయిందో చూద్దాం."

వాడూ నెట్టాడు. కారు చెక్కు చెదరలేదు.

"ఇప్పుడు వెళ్ళు," అంది కూతురితో. అని లోపలికి పోకుండా స్టూలు తెచ్చుకుని పక్కనే కూర్చుంది. "మాట్లాడుతూ ఉండు."

"ఏం మాట్లాడనమ్మా?"

"ఏదో ఒకటి. బోల్టులు లెక్కపెట్టు."

"ఒకటి... రెండు... ఇది మొండిది... మూడు..." ఏడు దాకా వినిపించింది. తర్వాత లేదు.

"ఏమే!"

చప్పుడు లేదు.

"ఏమే!"

"ఊఁ ఊఁ," అంది కారు కింద నుంచి గొంతు.

స్టూలు వెల్లకిలా పడింది. ఆవిడ మోకాళ్ళ మీద వాలి, చెంప నేలకానించి చూసింది. కూతురు పెదవుల మధ్య నుంచి ఏదో తీసి, "నోట్లో బోల్టు పెట్టుకున్నానమ్మా!" అంది.

"నోట్లోనా? మింగితే!"

తమ్ముడు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నవ్వు, బాగా నవ్వు," అని వాడి వైపు చూడకుండానే ఆవిడ కారు కిందికి చెయ్యి చాచింది. "విప్పింది విప్పినట్టు ఇలా నా చేతిలో పెట్టు."

నూనె కారుతున్న బోల్టు అరచేతిలో పడింది.

"ఎనిమిది," అంది అమ్మ. "ఊఁ, కానీ."